నెట్స్‌కి ఏ బంతి కొనాలంటే ముందు కింద నేల చూడాలి

రెండేళ్ళ కిందట మా క్రికెట్ నెట్స్‌లో, అంటే వల కట్టుకుని ప్రాక్టీసు చేసేచోట, ఆడే కుర్రాడొకడు నెల్లూరు ట్రంకు రోడ్డులో షాపు ముందు నిలబడి ఫోన్ చేశాడు. "అన్నా, బంతులు ఏవి తెమ్మంటావు?" నేను పనిలో ఉన్నాను. "మంచివి తే రా" అని పెట్టేశాను. వాడు నిజంగానే మంచివి తెచ్చాడు. నాలుగు ముక్కల తోలు, చేత్తో కుట్టిన సీమ్ (బంతి నడుం చుట్టూ ఉండే కుట్టు), డబ్బా తెరిస్తే కొత్త చెప్పుల షాపు వాసన. అట్లాంటివి ఆరు. పిలకాయల దగ్గర మూడు నెలలు పోగుచేసిన డబ్బు మొత్తం వాటికే పోయింది.

మాది సిమెంటు పిచ్. దాని మీద ఓ చివర పీచు లేచిపోయిన కొబ్బరి మ్యాట్. పది రోజులు తిరక్కుండానే ఆరింటికీ పాలిష్ పోయి తోలు గరగరలాడింది. ఇంకో వారానికి కుట్లు తెగడం మొదలైంది. బంతి తప్పేమీ లేదు. పట్టుచీర కట్టుకుని నాట్లకు దిగితే చీరదేం తప్పు?

అప్పటి నుంచి ఎవరు అడిగినా బ్రాండు పేరు చెప్పడం మానేశాను. బంతి ఎక్కడ పడుతుంది, దాన్ని ఎవరు ఎదుర్కొంటారు, ఆ రోజు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, ఈ మూడూ అడుగుతాను. ధర సంగతి ఆ తర్వాత.

నేలను బట్టి

నిజమైన టర్ఫ్ వికెట్ మీద నెట్స్ ఆడే అదృష్టం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొద్దిమందికే ఉంటుంది. మట్టి, గడ్డి మీద తోలు నెమ్మదిగా అరుగుతుంది. అక్కడ నాలుగు ముక్కల బంతి పెట్టిన ప్రతి రూపాయీ తిరిగిస్తుంది. మిగతా అందరిదీ నాలాంటి కథే. కాలేజీ గ్రౌండు మూలన పోసిన సిమెంటు, మీద మ్యాట్. లేదంటే మ్యాట్ కూడా లేని ఉత్త సిమెంటు. ఈ మధ్య ఆకుపచ్చ కృత్రిమ గడ్డి పరిచిన నెట్స్ కూడా వస్తున్నాయి. పల్లెల్లో అయితే కోతలు అయిపోయిన మళ్ళే గ్రౌండు.

ఉత్త సిమెంటు మీద తోలు బంతి వేయడమంటే గరుకు రాయి మీద తోలు రుద్దడమే. అక్కడ నా సలహా సూటిగా చెప్తాను. మ్యాట్ కొనేదాకా తోలు బంతి కొనొద్దు. బంతుల డబ్బు రెండు మూడు నెలలు దాచి మ్యాట్‌కి పెట్టండి, అంతవరకు హెవీ టెన్నిస్ బాల్‌తో (క్రికెట్ కోసం అమ్మే బరువైన టెన్నిస్ బంతి) ఆడండి. మ్యాట్ ఉన్న సిమెంటు మీద రెండు ముక్కల తోలు బంతి సరిపోతుంది. కృత్రిమ గడ్డి కొంచెం దయగలది. దాని మీద రెండు ముక్కలది ఇంకొన్నాళ్ళు ఎక్కువ నడుస్తుంది, కాకపోతే పచ్చరంగు బంతికి అంటుకుంటుంది. కోసిన మడిలో తోలు బంతి వద్దు. అది మోళ్ళకు తగిలి ఎటు లేస్తుందో దానికే తెలియదు, ముఖానికి ప్రమాదం.

నాలుగు ముక్కలు, రెండు ముక్కలు

తేడా కనిపెట్టడం తేలిక. బంతిని చేతిలో పట్టుకుని సీమ్ పక్కన చూడండి. ప్రతి సగం మీదా మధ్యలో సన్నటి గీతలాంటి అతుకు కనిపిస్తే నాలుగు ముక్కలది. ఒక సగం మీది అతుకు ఇంకో సగం మీది అతుకుకు అడ్డంగా తిరిగి ఉంటుంది. ఏ గీతా లేకుండా రెండు గిన్నెలు బోర్లించి కలిపినట్టుంటే రెండు ముక్కలది.

పైన కనిపించేది సగం కథే. మా ఆరు బంతులు పోయిన బాధలో ఒక ఆదివారం, వాటిలో ఒకదాన్నీ మూలన పడున్న ఓ చవక రెండు ముక్కల బంతినీ తీసుకుని హాక్సా బ్లేడుతో కోశాను. పిలకాయలు చుట్టూ మూగారు. ఖరీదైనది కోస్తుంటే దారం పోగులు పోగులుగా బయటికొచ్చింది. మధ్యలో కార్క్ (సీసా బిరడాలకు వాడే బెండు) ఉండ, దాని చుట్టూ బిగించి చుట్టిన దారం, మధ్యమధ్యలో పల్చటి కార్క్ పొరలు. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టుంది. "లోపల దారమేనా అన్నా, మా అమ్మ స్వెట్టర్ అల్లుకునేది!" అన్నాడొకడు. చవకది కోయడానికి రెట్టింపు టైం పట్టింది. లోపల కార్క్ పొడి, రబ్బరు కలిపి అచ్చుపోసిన నల్లటి ముద్ద ఒకటే. పొర లేదు, దారం లేదు.

ఆటలో తేడా వచ్చేది ఇక్కడే. పొరల బంతి దెబ్బలు తిన్నకొద్దీ నెమ్మదిగా మెత్తబడుతుంది. నలభయ్యో ఓవర్లో బ్యాటు మీదికి ఎట్లా వస్తుందో నేర్పుతుంది. ముద్ద బంతి పైతోలు ఊడిపోయే రోజున కూడా మొదటి రోజంత గట్టిగానే ఉంటుంది, చేతులకు జుమ్మంటుంది. ఇది తెలిసీ మ్యాట్ మీదికి రెండు ముక్కలదే ఎందుకు కొనమంటున్నానంటే, మ్యాట్ మీద లోపలి దారం తన గుణం చూపించేలోపే పైతోలు చచ్చిపోతుంది. మనం డబ్బులిచ్చి కొన్న మంచితనం బయటికి రానే రాదు. ఒక మంచి నాలుగు ముక్కల బంతి డబ్బుతో మామూలు రెండు ముక్కలవి రెండు మూడు వస్తాయి. మ్యాట్ మీద ఖరీదైనది రెట్టింపు రోజులు కూడా బతకలేదు. లెక్క అక్కడే తేలిపోయింది.

ఈ లెక్క బ్యాట్స్‌మెన్‌కి పనికొచ్చినంతగా ఫాస్ట్ బౌలర్‌కి పనికిరాదు. రెండు ముక్కల చవక బంతి సీమ్ గంటసేపు ఆడితే చదును అవుతుంది. వేళ్ళకు కుట్టు తగలకపోతే కుర్రాడు సీమ్ నిలబెట్టి వదలడం మర్చిపోతాడు, బలం మీద పడతాడు. జిల్లా సెలక్షన్‌కి వెళ్ళి కొత్త బంతి చేతిలోకి రాగానే అది లెగ్ సైడు వైడుగా పోతుంటే బిక్కమొహం వేస్తాడు. ఇది నేను ఇద్దరు పిల్లల విషయంలో చూశాను. అందుకే ఎంత పేద నెట్స్ అయినా రెండు నాలుగు ముక్కల బంతులు విడిగా ఉండాలి. వాటిని రోజూ తీయకూడదు. వారానికి ఒకరోజు, కొత్త బంతి వేసే ఇద్దరు ముగ్గురికే, తలా నాలుగైదు ఓవర్లు. మ్యాచ్‌లకు ముందు రెండు వారాలు ఇంకొంచెం ఎక్కువ.

ఆ రెండు ఏవి కొనాలన్న ప్రశ్నకు మాత్రం బ్రాండుతో పని ఉంది. మన దేశంలో టెస్టులు, రంజీ మ్యాచ్‌లు ఆడేది మీరట్‌లో తయారయ్యే ఎస్‌జీ బంతితో. దాని సీమ్ పైకి లేచి వేళ్ళకు బాగా అందుతుంది. పైకి వెళ్ళాలనుకునే కుర్రాడు ఏ సీమ్‌తో మ్యాచ్ ఆడబోతున్నాడో ఆ సీమ్‌తోనే నేర్చుకోవాలి. ఐపీఎల్‌లో కనిపించే కూకబుర్రా ముచ్చటగానే ఉంటుంది గానీ, దాని బయటి వరుసల కుట్టు మిషను మీద వేసింది, సీమ్ అంతగా లేవదు. ఇంగ్లండులో వాడే డ్యూక్స్ గురించి మన నెట్స్‌లో మాట్లాడుకోవడం టీ తాగుతూ చెప్పుకునే కబురే.

స్పిన్నర్లకు కొత్తవి ఇవ్వకండి. పాతబడి, సీమ్ మాత్రం మిగిలున్నవి వాళ్ళకు. మ్యాట్ మీద ఎట్లాగూ బంతి తిరుగుతుంది. ఆ తిరుగుడు చూసి మురిసిపోవద్దని కూడా చెప్పండి.

కార్క్ బాల్ మీద నా కోపం

ఇది దాచను. కావలి నుంచి మార్కాపురం దాకా పల్లెల్లో టోర్నమెంట్లు ఎన్నో కార్క్ బాల్‌తోనే, అంటే పైన తోలు లేకుండా అచ్చుపోసిన గట్టి బంతితోనే, నడుస్తాయి. చవక, వానలో తడిసినా ఏమీ కాదు, సర్కారు తుమ్మ కంపలో పడి మూడు రోజుల తర్వాత దొరికినా అట్లాగే ఉంటుంది. ఎందుకు వాడతారో నాకు బాగా అర్థమవుతుంది. నేనూ దాంతోనే పెరిగాను.

కానీ నా మొదటి ఇంగ్లిష్ విల్లో (తోలు బంతికి వాడే ఖరీదైన కర్ర) బ్యాటును చంపింది అదే. మా బాబాయి కొనిచ్చిన బ్యాటు అది. ఇంటికి తెచ్చిన నెలకే నెట్స్‌లో తోలు బంతులు అయిపోతే, పక్కనున్న షాపులో కార్క్ బాల్ ఇచ్చి "ఏం కాదు తమ్ముడూ, ధైర్యంగా ఆడుకో" అన్నారు. నాలుగో యార్కర్‌కి (కాళ్ళ దగ్గర పడే బంతి) బ్యాటు కింది అంచున గోరంత చీలిక. సాయంత్రానికి అది వేలంత అయింది. మా బాబాయి ఏమీ అనలేదు, బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసి గోడకు ఆనించాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత తెలిసింది, కార్క్, సింథటిక్ బంతులతో ఆడితే వారంటీ వర్తించదని బ్యాటు తయారుచేసేవాళ్ళు చాలామంది ముందే రాసి పెడతారట.

బ్యాటు సంగతి పోనీ. కార్క్ బాల్‌కి సీమ్ అచ్చులో పోసిన గీత, దాంతో బౌలర్‌కి ఒరిగేదేమీ లేదు. పడ్డచోట పొంతన లేకుండా లేస్తుంది. చేతికి తగిలితే తోలు బంతి వాపు ఒకటి, దీని వాపు ఇంకొకటి. స్లిప్ క్యాచ్‌లకు అసలు వాడొద్దు. దూరం నుంచి వికెట్లకు విసరడం ప్రాక్టీసు చేయడానికి ఒకటి ఉంచుకోండి, చాలు.

టెన్నిస్ బాల్‌ని తీసేయకండి

తోలు బంతి ఆడేవాళ్ళకు టెన్నిస్ బాల్ అంటే చిన్నచూపు. అది సరికాదు. అసలు టెన్నిస్ ఆటకు వాడేది 56 నుంచి 59.4 గ్రాములుంటుంది. క్రికెట్ కోసం అమ్మే హెవీ టెన్నిస్ దాదాపు దానికి రెట్టింపు బరువు. లైట్‌ది పదేళ్ళలోపు పిల్లలకు. భయం లేకుండా బంతి పడేచోటికి కాలు వెళ్ళడం నేర్చుకోవాలంటే దాన్ని మించింది లేదు. ఆరేడేళ్ళవాడికి మొదటి రోజే తోలు బంతి వేస్తే వాడి కాలు స్క్వేర్ లెగ్ వైపు పారిపోవడం నేర్చుకుంటుంది, మళ్ళీ వెనక్కి తేవడానికి ఏళ్ళు పడుతుంది.

హెవీ టెన్నిస్ పెద్దవాళ్ళకు. సిమెంటు మీద అది రొమ్ము ఎత్తుకు లేస్తుంది కాబట్టి బ్యాక్‌ఫుట్ ఆట, పుల్ షాట్ దానితో వందసార్లు ఆడించొచ్చు, ఒంటికి దెబ్బ తక్కువ. దాని చెడు కూడా చెప్పాలి. ఎగిరే బంతికి అలవాటుపడ్డ చేతులు తోలు బంతి కిందుగా వచ్చినప్పుడు ఆలస్యమవుతాయి. వారంలో రెండు రోజులకు మించి ఇవ్వను.

ఒంగోలులో నా స్నేహితుడొకడు చేసే పని చూసి నోరెళ్ళబెట్టాను. చీమకుర్తి పక్కనే ఉంది కదా, పాలిష్ చేసిన గ్రానైట్ ముక్కలు వాళ్ళకు గడప రాళ్ళంత మామూలు. రెండడుగుల పలక ఒకటి తెచ్చి, నెట్స్‌లో షార్ట్ పిచ్ పడేచోట పరుస్తాడు. బకెట్‌లో నీళ్ళు, అందులో టెన్నిస్ బాళ్ళు. తడి బంతిని పలక మీదికి విసురుతాడు. అది రాయిని తాకి జర్రున జారి, ఒక్క చుక్క నీళ్ళు చిమ్ముతూ గొంతు దగ్గరికి వచ్చేస్తుంది. బౌన్సర్‌ని చూసి కళ్ళు మూసుకునే కుర్రాడు రెండు వారాల్లో దాని కిందికి తల దించడం నేర్చాడు. గంటకు 140 కిలోమీటర్ల బౌలర్ మన దగ్గర ఎవరున్నారు చెప్పండి? ఆ పలకే ఉంది. పలక అంచు లేచి ఉండకుండా మట్టితో సమం చేయాలి, హెల్మెట్ మాత్రం తీయనివ్వకూడదు.

స్వింగ్ నేర్పడానికి టెన్నిస్ బాల్‌కి సగం వైపు కరెంటు పనికి వాడే టేపు చుట్టండి. సందులో ఆడే పిలకాయలకు ఇది మనం చెప్పక్కర్లేదు.

చిన్నపిల్లలకు, అమ్మాయిలకు వేరే బంతి ఉంది

ఎక్కువ నెట్స్‌లో జరిగే తప్పు ఇదే. పురుషుల బంతి 155.9 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. మహిళల బంతి 140 నుంచి 151 గ్రాములు, చుట్టుకొలత 21 నుంచి 22.5. పదమూడేళ్ళలోపు పిల్లలది ఇంకా చిన్నది, 133 నుంచి 144 గ్రాములు, చుట్టుకొలత 20.5 నుంచి 22. చదవడానికి ఇరవై గ్రాములు ఏపాటి అనిపిస్తుంది. పదకొండేళ్ళ పిల్ల చేతిలో పెట్టి చూడండి. పెద్ద బంతిని పట్టుకోవడానికి వేళ్ళు చాలక అరచేతిలోకి లాక్కుంటుంది. ఇక లెగ్ స్పిన్ ఎక్కడ వస్తుంది?

2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. పక్కనే ఉన్న కడప జిల్లా నుంచి వెళ్ళిన శ్రీచరణి ఆ జట్టులో ఉంది. ఆ తర్వాత మా నెట్స్‌కే నలుగురు ఆడపిల్లలు వచ్చారు. మొదటి వారం వాళ్ళకూ పెద్ద బంతులే ఇచ్చి తప్పు చేశాను. షాపులో అడిగితే చిన్నవి లేవన్నారు, చెప్పి తెప్పించుకోవాల్సి వచ్చింది. వారం పట్టినా ఫరవాలేదు, తెప్పించుకోండి.

రంగు, మిషను

పగటి నెట్స్‌కి ఎరుపు. లైట్ల కింద అయితే తెలుపు. తెల్లది మ్యాట్ దుమ్ముకు రెండు రోజుల్లో మట్టిరంగు తిరుగుతుంది, కాబట్టి లైట్లు లేనిచోట అది ఉత్త ఖర్చు. బౌలింగ్ మిషను ఉంటే దానికి చిన్న చిన్న గుంతలుండే సింథటిక్ బంతులే వాడండి. తోలు బంతి ఒక వైపు అరిగిపోయాక మిషను చక్రాల్లోంచి ఏ దారిన వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మన ఎండ, మన వాన

రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో బంతుల సంచి బండి డిక్కీలో వదిలేస్తే తోలు ఎండి పెళుసుబారుతుంది. తడిసిన బంతిని ఎండలో ఆరబెట్టినా అంతే. గుడ్డతో తుడిచి నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. మన వైపు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే ఎండ తగ్గి ఆట బాగా సాగాల్సిన రోజుల్లోనే. ఆ తర్వాత పొద్దున్నే మంచు. నీళ్ళు పీల్చిన తోలు బంతి బరువెక్కుతుంది, బ్యాటుకు చేటు. అందుకని ఆ మూడు నెలలకు బాగా పాతవి నాలుగైదు విడిగా ఉంచుతాను. వాటికి తడి సంచి అని పేరు, ఉల్లిపాయలు వచ్చే వల సంచి. కొత్త రెండు ముక్కల పెట్టె ఆగస్టులో కాకుండా జనవరిలో తెరుస్తాను.

ఉమ్మి రాసి మెరుగు పెట్టడం నెట్స్‌లోనే మాన్పించండి. 2022 అక్టోబరు నుంచి నిబంధనల్లోనే అది నిషేధం. చెమట చాలు, మన ఊళ్ళో దానికి కొదవ లేదు.

షాపులో నిలబడి చేయాల్సినవి

డబ్బా మీద రాసింది నమ్మకండి. పక్కనే కిరాణా కొట్టు ఉంటుంది, అక్కడి ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కొక్కటీ పెట్టి చూడండి. నేను ఒకేసారి కొన్న డజనులో 150 గ్రాములదీ, 171 గ్రాములదీ రెండూ వచ్చాయి. దర్జీ టేపు జేబులో ఉంటే చుట్టుకొలత కూడా తేలిపోతుంది. బంతిని నున్నటి బల్ల మీద నెమ్మదిగా దొర్లించండి. తూగుతూ ఒక పక్కకే వాలితే లోపలి ముద్ద మధ్యలో లేదని అర్థం. సీమ్ మీద బొటనవేలి గోరు ఆనించి చుట్టూ తిప్పండి, దారం ఎక్కడైనా వదులుగా కదిలితే వెనక్కి ఇచ్చేయండి. రెండు బొటనవేళ్ళతో అదిమితే తోలు లోపలికి పోకూడదు. షాపాయన విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, డజను కొంటున్నాం.

పదిహేను మంది ఉండే మా నెట్స్‌కి ఇప్పుడు నేను కొనే లెక్క ఇదీ: రెండు ముక్కల తోలువి ఎనిమిది, నాలుగు ముక్కలవి రెండు, హెవీ టెన్నిస్ ఆరు, చిన్న సైజు తోలువి మూడు. మీ దగ్గర అందరూ పిల్లలే అయితే తోలువి సగానికి తగ్గించి టెన్నిస్ పెంచండి. సెలక్షన్ల దాకా వెళ్ళే బౌలర్లు ముగ్గురు నలుగురుంటే నాలుగు ముక్కలవి నాలుగు చేయండి, వాటి డబ్బు మాత్రం ఆ బౌలర్ల దగ్గరే తీసుకోండి. జాగ్రత్తగా వాడతారు.

పాతబడినవి కూడా పారేయొద్దు. కొత్త బ్యాటును తట్టి గట్టిపరచడానికి, కుట్లు ఊడకుండా మెత్తబడిన పాత తోలు బంతే కావాలి. దానికీ పనికిరానిదాన్ని పాత సాక్సులో వేసి తాడు కట్టి చెట్టుకు వేలాడదీస్తే, ఒంటరిగా ఆడుకునేవాడికి రోజుకు మూడు వందల స్ట్రెయిట్ డ్రైవులు. ఆ రోజు "మంచివి" తెచ్చిన ఆరింట్లో ఒకటి మా ఇంటి వెనక వేపచెట్టుకు ఇంకా వేలాడుతోంది. పైన తోలు లేదు, లోపలి దారం మాత్రం వదల్లేదు.